ముందస్తు బైట్లు

మార్చి 4, మంగళవారం

నాకు తాతయ్యంటే ప్రేమ లేదట. అమ్మ ఈ మాట ఫోనులో విజయవాడ పెద్దమ్మతో చెప్తోంది. నేను పక్క గదిలో ఉన్నానని తెలిసే చెప్తోంది.

"మనసు బండబారిపోయిందక్కా దీనికి. ఆ ఛానెల్లో చేరాక మరీను. మావయ్యగారు వెంటిలేటర్ మీద ఉంటే కంట తడి లేదు. మైకు పెడితే ఒక్క ముక్క మాట్లాడకుండా వెనక గేటు నుంచి వెళ్ళిపోయింది."

వెనక గేటు నుంచి వెళ్ళిన మాట నిజం. ముందు గేటు దగ్గర తమ్ముడు నిఖిల్ మాట్లాడుతున్నాడు మరి. కెమెరాల ముందు చేతులు కట్టుకుని, "మా తాతయ్య ఫైటర్, తప్పకుండా తిరిగొస్తారు" అంటున్నాడు. అంతకు కాసేపటి ముందే నాకు ఫోను చేసి, ఐసీయూ ఏ అంతస్తులో ఉందక్కా అని అడిగాడు. అమ్మ లెక్కలో వాడిది ప్రేమ. నేను ఆ అంతస్తులో, కాళ్ళు చాపుకోవడానికి లేని ఇనప కుర్చీలో పొద్దున్నించి కూర్చోవడం మాత్రం ఏ లెక్కలోకీ రాదు. అక్కడ మైకు లేదు.

ఏడవలేదు, అదీ నిజమే. ఏడుపు వస్తే ఏడ్చేదాన్ని.

మార్చి 5

నాన్న నా గదిలోకి వచ్చారు. ఎప్పుడూ రారు. వచ్చి నా పుస్తకాల అలమర చూస్తూ నిలబడి, "మీ ఆఫీసులో పెద్దవాళ్ళకి ముందస్తు బైట్లు తీసి పెడతారు కదా. తాతయ్యకి తీశారా?" అన్నారు.

లేదన్నాను.

"ఎందుకు తియ్యలేదు?"

ఆ గొంతులో బాధ లేదు. పక్కింటికి శుభలేఖ వచ్చి మనింటికి రానప్పటి గొంతు అది. పోయిన నెల ఇంకొక పెద్ద నటుడు మామూలు మోకాలి ఆపరేషనుకి చేరితేనే మా వాళ్ళు ఆయనకి సంతాపాలు తీసి దాచారు. మా తాతయ్య, నటుడు సుబ్బరామయ్యగారు, గుండె ఆగి, మళ్ళీ కొట్టుకుని, గొంతులో గొట్టంతో పడుకుని ఉంటే మా ఆఫీసులో ఎవరికీ గుర్తు రాలేదు. నాన్నకి అవమానం తగిలింది అక్కడ.

"నువ్వు తీయించు. ఎవరెవరిని అడగాలో నేను మాట్లాడతాను."

సరేనన్నాను. కాదనడానికి కారణం వెంటనే దొరకలేదు.

మార్చి 6

నానమ్మ దేవుడి గదిలో ఒత్తులు చేసుకుంటూ పిలిచింది.

"బైట్ అంటే ఏంటే అమ్మలూ? మీ నాన్న పొద్దున్నించీ ఫోన్లో అదే మాట."

"కెమెరా ముందు ఒకళ్ళు ఒక సంగతి మీద మాట్లాడే చిన్న ముక్క నానమ్మా. అర నిమిషం కూడా ఉండదు."

"అర నిమిషంలో ఏం చెప్తారు?"

"ఒక్క విషయం చెప్తారు. రెండు చెప్తే రెండోది మేం కోసేస్తాం."

"ఎక్కువ మాట్లాడితేనో?"

"అది ఇంటర్వ్యూ. అది ఎవరూ చివరిదాకా చూడరు."

"ఎక్కడ కొయ్యాలో ఎవరు చూస్తారు?"

"నేనే."

నా వైపు కొత్తగా చూసింది. రెండేళ్ళుగా నేను ఏ ఉద్యోగం చేస్తున్నానో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. సినిమా న్యూస్ అని చెప్తే సరిపోయింది. మొదటి రోజు మా బాసు సిద్ధార్థ్ నాకు నేర్పింది కూడా ఇంతే. సినిమా మొదటి ఆట నుంచి బయటికొచ్చినవాడి మాట బైట్. గొడవ పడ్డ నిర్మాత మాట బైట్. చావింటి గేటు దగ్గర కారు దిగినవాడి మాట బైట్. మనిషి ఎవరైనా, మనకి కావలసినంత కొలత తీసుకోవడమే.

"మరి మీ తాతయ్య గురించి ఏం చెప్తారు?"

"ఆయన లేని లోటు తీరనిది అని."

"ఉన్నాడుగా?"

"ఉన్నారు. రెడీగా ఉంచుకోవడానికి, అంతే. ఆ రోజు ఎవరూ దొరకరు. ఒకళ్ళు షూటింగులో ఉంటారు, ఒకళ్ళు దేశంలో ఉండరు. ఎవరి వీడియో ముందు వస్తే జనం అది చూస్తారు."

నానమ్మ ఒత్తి చెయ్యడం ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"పందిరి ముందే వేస్తున్నారన్నమాట."

తిడుతోందో ఊరికే అంటోందో తెలియలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన నానమ్మ అన్న మాటలు ఎక్కడ కొయ్యాలో నాకు తెలియదు.

మార్చి 8, శనివారం

ఇవాళ పెద్ద హీరోది అయింది. పేరు ఇక్కడ కూడా రాయను. అలవాటైపోయింది.

ఫైటు సీను మధ్యలో కారవాన్‌లో ఇచ్చాడు. మేనేజరు అలమర తెరిచి తెల్ల చొక్కా తీశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఒకటి కారవాన్‌లో ఎప్పుడూ ఉంటుందట, ఇలాంటివాటికే. నుదుటి మీద మేకప్ రక్తం ఉంది. తుడిస్తే మళ్ళీ అదే చోట పెట్టడం కష్టమని జుట్టు ముందుకి దువ్వారు.

"సుబ్బరామయ్యగారంటే, లాస్ట్ పిక్చర్లో నాకు ఫాదర్ చేసినాయనే కదా?"

"తాత, సార్."

"ఆ, తాత. గొప్ప మనిషండీ."

కెమెరా ఆన్ చేయగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సెట్లో ఆయన తనకి అన్నం కలిపి పెట్టేవారని చెప్పాడు. మా తాతయ్య తన కంచంలో ఇంకొకరి చెయ్యి పడనివ్వరు, ఇంకొకరి కంచంలో తను చెయ్యి పెట్టరు. అయినా వింటుంటే నాకే నిజమనిపించింది. చివర్లో నాన్న రాసి పంపిన వాక్యం దగ్గర తడబడ్డాడు. "ఆయన మనవడు, పేరేంటన్నారు? ఆ, నిఖిల్ రూపంలో ఆయన మన మధ్యే ఉంటారు." మళ్ళీ చెప్పించాను.

అందరి చేతా ఆ వాక్యం చెప్పిస్తున్నాం. నిఖిల్ మొదటి సినిమా గ్లింప్స్ రావలసి ఉంది. టీజరుకి ముందు వదిలే ముక్కని ఇప్పుడు గ్లింప్స్ అంటున్నారు. వాడి ముఖం కూడా సరిగ్గా కనబడని అర నిమిషం. దాని తేదీ గురించి నాన్న నిర్మాతతో ఫోన్లో అన్నది విన్నాను: "ఇప్పుడే అనౌన్స్ చెయ్యకండి. నాన్నగారి సంగతి తేలనివ్వండి."

వచ్చేటప్పుడు కెమెరామన్ తిరుమలేశ్ బండి మీద, చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర అడిగాడు.

"మేడం, జర ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఆయన మీ తాతనే కదా. ఎట్లనో అనిపిస్తలేదా?"

"పని తిరుమలేశ్."

"గదే, పనే." సిగ్నల్ పడగానే బండి ముందుకి పోనిచ్చాడు. "మా బాపుకైతే గిట్ల ముందుగాల చెప్తె మంచం మీదికెల్లి లేచి కట్టె తీస్కొని ఉరికిస్తుండె."

నవ్వాను. తాతయ్య ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి నవ్వడం ఇదే మొదలు.

ఇది పనే. నేను చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు, తాతయ్య పేరు కూడా తప్పు పలికిస్తారు. నేను చేస్తే కనీసం సరిగ్గా ఉంటుంది.

మార్చి 9

పనే.

మార్చి 11

ఇవాళ ఇంట్లోవాళ్ళవి. హాల్లో సోఫా జరిపి, తాతయ్య నంది పట్టుకున్న ఫొటో వెనక వచ్చేలా నాన్న కూర్చున్నారు. మొదటి టేక్‌లో వినీ వినబడకుండా, "మా నాన్నగారు చాలా..." అని ఆగిపోయారు. ముఖం ఎటో పెట్టుకున్నారు. అది బావుంది. ఆపేసి, "ఇది వద్దు, సరిగ్గా రాలేదు" అన్నారు. రెండో టేక్ మొదటి నుంచి చివరిదాకా సాఫీగా వచ్చింది. "నిఖిల్ రూపంలో" దగ్గర కన్నీళ్ళు కూడా. రెండోదే ఉంచమన్నారు. నేను రెండూ ఉంచాను.

నిఖిల్ ఒక్క టేక్‌లో ఇచ్చేశాడు. వాడికి ఇది వస్తుంది.

"ఇప్పుడు నువ్వు కూర్చో" అన్నారు నాన్న.

"నేను ఇవ్వను."

"మనవరాలు లేకపోతే ఎలా? అడుగుతారు."

"ఎవరడుగుతారు?"

"అక్కా, ఇరవై సెకన్లేగా. నేను రాసివ్వనా?" అన్నాడు నిఖిల్. వాడు వెటకారం చెయ్యలేదు. నిజంగా సాయం చెయ్యబోయాడు. అందుకే ఇంకా మండింది.

అమ్మ వంటింట్లోంచి అంది: "వదిలెయ్యండి. ఊళ్ళోవాళ్ళందరి దగ్గరికీ తిరిగి తీసుకొస్తుంది, తను మాత్రం నోరు విప్పదు. ఉంటే కదా చెప్పడానికి."

అరుణజ్యోతిగారిని అడుగుదామా అన్నాను మాట మార్చడానికి. ఎన్నో సినిమాల్లో తాతయ్యకి భార్యగా వేసిన ఆవిడ. ఇప్పుడు కృష్ణానగర్‌లో కిరాయికి ఉంటున్నారు. నాన్న చెయ్యి ఊపారు. "ఆవిడది ఎవరిక్కావాలి?"

తాతయ్య వింటే బాధపడేవారు. ఆయన బతికి లేచి ఈ హాల్లోకి వస్తే వీళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో చూడాలని ఉంది.

మార్చి 13

గొట్టం తీశారు. తాతయ్య మంచినీళ్ళు అడిగారు.

నాన్న ఆసుపత్రి వరండాలో గోడకి తల ఆనించి ఏడ్చారు. చుట్టూ ఎవరూ లేరు, నేను తప్ప. ఈ ఏడుపు ఎవరి కోసమూ కాదు. రాయకపోతే నేను కూడా కోసినదాన్నే అవుతాను కాబట్టి రాస్తున్నాను.

తర్వాత ముఖం కడుక్కుని వచ్చి అడిగారు: "ఆ బైట్లు ఎక్కడా బయటికి పోలేదు కదా?"

మార్చి 21

తాతయ్య ఇంటికొచ్చారు. సగం అయిపోయారు. చొక్కాలో మనిషిని వెతుక్కోవాలి. వాకరు పట్టుకుని మంచం నుంచి కిటికీ దగ్గర పేము కుర్చీదాకా నడుస్తారు. దానికే ఆయాసం.

ఆఫీసులో సిద్ధార్థ్ అభినందనలు చెప్పాడు. వెంటనే, "ఆ ఫోల్డర్ మాత్రం డిలీట్ చెయ్యకు. ఇవాళ కాకపోతే..." అని ఆపేశాడు. అతనికి ఎక్కడ ఆపాలో బాగా తెలుసు.

మార్చి 24

"నాకు బైట్లు తీశారటగా?"

మందులిస్తుంటే అడిగారు. నానమ్మ చెప్పేసింది. నా చేతిలో గ్లాసు ఉంది కాబట్టి సరిపోయింది, నీళ్ళు పోస్తున్నట్టు నటించాను.

"ఏదీ, చూపించు."

ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉందన్నాను.

మార్చి 26

మళ్ళీ అడిగారు. ఛార్జరు పోయిందన్నాను. చూస్తే తట్టుకోలేరు. కన్నకొడుకు తన ఫొటో ముందు కూర్చుని, ఆయన లేరు అంటుంటే ఏ మనిషి తట్టుకుంటాడు? ఈ ఇంట్లో ఆయన్ని మనిషిగా చూసేది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆయనకి తెలుసు. నేనంటే ఆయనకి వేరే.

మార్చి 29, శనివారం

చూపించాను. అందరూ నిఖిల్ డబ్బింగుకి వెళ్ళారు. నానమ్మ మధ్యాహ్నం నిద్రలో ఉంది. తాతయ్య, "నువ్వు చూపించకపోతే ఆ తిరుమలేశ్‌ని రమ్మంటాను" అన్నారు. చేసేవారే.

పేము కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టించుకున్నారు. నేను ఆయన ఛాతీనే చూస్తూ కూర్చున్నాను, ఊపిరి ఎలా ఉందోనని.

పెద్ద హీరోది రాగానే నవ్వారు. "అన్నం కలిపి పెట్టానా? వీడికా?" మళ్ళీ వెయ్యమన్నారు. "కానీ కన్ను చూడు, గ్లిజరిన్ లేకుండా తెచ్చాడు. ఇంప్రూవ్ అయ్యాడు." ఒక దర్శకుడిది రాగానే, "ఈయన ఎందుకంత గట్టిగా మాట్లాడతాడు? నేను పోయానుగా, వినబడదు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆయనకి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

నాన్నది వచ్చింది. ఆపేద్దామని చెయ్యి పెట్టాను. నా చెయ్యి తీసేశారు.

మొదటి టేక్ చూశారు. రెండో టేక్ చూశారు. కళ్ళజోడు తీశారు. ఇప్పుడు, అనుకున్నాను. ఇప్పుడు ఏదో అంటారు, దానికి నేను ఉండాలి ఇక్కడ.

"రెండోదే వాడండి. మొదటిదాంట్లో మాట వినబడట్లేదు."

నేను రెండో టేక్ మళ్ళీ వేశాను.

"అందరూ నిఖిల్ గురించి ఒకే మాట చెప్తున్నారు. ఎవరు రాశారు?"

"నాన్న."

"బాగా రాశాడు. కానీ తీసుకెళ్ళి చివర పెట్టాడు. ఛానెళ్ళవాళ్ళు చివర కోస్తారు కదే? నా గురించి చెప్తుండగా మధ్యలో పెట్టించండి, అప్పుడు కొయ్యలేరు." వేలితో తెర మీద చూపించారు. "ఇదిగో, ఇక్కడ. ఊపిరి తీసుకునే చోటుకి ముందు."

నిజమే, అక్కడైతే నేను కూడా కొయ్యలేను.

"తాతయ్యా, అరుణజ్యోతిగారిని అడగలేదు."

ఎందుకన్నానో నాకే తెలుసు. ఒక్కచోటైనా ఆయనకి తగలాలని. బాధపడితే నేను ఓదార్చాలని.

"మంచిపని చేశారు. ఆవిడకి ఇప్పుడు మార్కెట్ ఎక్కడుంది? పాపం, పిలిస్తే వచ్చేస్తుంది కూడాను. పక్కన పెద్దవాళ్ళవి తేలిపోతాయి."

ల్యాప్‌టాప్ నాకిచ్చేశారు. అలిసిపోయినట్టున్నారు, కానీ ముఖంలో కళ ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంత కళ చూడలేదు.

"నీదేది?"

"ఇవ్వలేదు."

"ఎందుకని?"

మీరున్నారు కదా అన్నాను.

"ఉన్నప్పుడు ఇస్తేనే కదే నేను సరిచేసేది" అన్నారు.

మార్చి 30, ఉగాది

పచ్చడి తింటూ నిఖిల్ రీల్ చేశాడు. చేదు ముఖం మూడుసార్లు పెట్టాడు.

తాతయ్య అందరి ముందూ తన సలహా చెప్పారు. నాన్న ముఖం విప్పారింది. తండ్రీకొడుకులు ఇంత సంతోషంగా మాట్లాడుకోవడం నా ఎరుకలో ఇదే మొదటిసారి. ఎవరివి మళ్ళీ తియ్యాలి, రెండోసారి అడిగితే ఎవరు విసుక్కుంటారు, నిఖిల్ పేరు ముందు "యువ" అని ఉండాలా వద్దా. అమ్మ మధ్యలో భక్ష్యాలు వడ్డిస్తోంది. నానమ్మ ఒక్కతే లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

"రేపటి నుంచి నిహారిక మళ్ళీ తిరుగుతుంది" అన్నారు నాన్న. నన్ను అడగలేదు.

భోజనాలయ్యాక తాతయ్య నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. కెమెరా తెచ్చుకోమన్నారు. ఫోనులో తీస్తానన్నాను. "ఏదో ఒకటి, ముందు తియ్యి. నీది నేను డైరెక్ట్ చేస్తాను."

"వద్దు తాతయ్యా."

"నీకు ఏడుపు రాదని మీ అమ్మ అంటోంది. రావక్కర్లేదు. ఏడవకుండా చేస్తేనే చూసేవాడికి ఏడుపొస్తుంది. అదంతా నేను చెప్తాగా."

వాకరు అందుకుని లేచారు. పట్టుకోబోతే వద్దన్నారు. కుర్చీ మీద తుండు మడిచి, పక్కన కళ్ళజోడు పెట్టి, దాన్ని కిటికీ వైపు కొంచెం తిప్పారు. తర్వాత ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఫ్రేములోకి రాకుండా గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డారు. కాళ్ళు వణుకుతున్నాయి. పంచె అంచు కదులుతోంది.

"ఆ కుర్చీ ఖాళీగా ఉంది. నేను లేను. దాని వైపు చూసి చెప్పు."

నేను ఆయన వైపు చూశాను.

"ఇటు కాదమ్మలూ. కుర్చీ వైపు."

చూడలేకపోయాను. ఫోను రికార్డు అవుతూనే ఉంది. ఆయన గోడకి చెయ్యి ఆనించుకున్నారు. నిలబడలేకపోతున్నారు, అయినా కూర్చోరు. కూర్చుంటే షాట్ పోతుంది.

"మీరు కూర్చోండి తాతయ్యా."

"నువ్వు చెప్పాక."

ఫోను ఆపేశాను. రెక్క పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. మూతి బిగించుకున్నారు. కిటికీలోంచి చూస్తూ, "నిఖిల్‌కి ఒక్కసారి చెప్తే చాలు" అన్నారు.

నేనంటే వేరే అని రాసుకున్నాను, నాలుగు పేజీల వెనక. ఎవరి కోసం రాసుకున్నానో.

మార్చి 31

జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంటి గేటు బయట తిరుమలేశ్, నేను గంటల తరబడి నిలబడ్డాం. రెండోసారి తీసుకోవడానికి. మేనేజరు వచ్చి, "పోలేదంట కదమ్మా, మరి మళ్ళీ ఎందుకు?" అన్నాడు. బండి తియ్యమని తిరుమలేశ్‌కి చెప్పాను.

నాన్నకి రేపు దొరుకుతారని అబద్ధం చెప్పాను.

ఏప్రిల్ 1, మంగళవారం

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి ఫోల్డర్ తెరిచాను. పెద్ద హీరో, దర్శకులు, నిఖిల్, నాన్నవి రెండూ. ఒక్కటీ వేసి చూడలేదు. అన్నీ కలిపి తీసేశాను. తర్వాత చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. తర్వాత బ్యాకప్‌లోవి.

తిరుమలేశ్ టీ పట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు.

"మేడం, గవి పోతే మల్ల రావు. ఆ పెద్దసారు ఇంకోసారి ఇయ్యడు."

"తెలుసు."

"మీ నాయిన ఊకుంటడా?"

"ఊరుకోరు."

టీ నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎవరితోనూ అనడు, కానీ అనక్కర్లేకుండా నేనే సిద్ధార్థ్ గదిలోకి వెళ్ళి చెప్పాను. మొదట నమ్మలేదు. నమ్మాక, పొరపాటున జరిగిందని చెప్పు, ఇంట్లో ఒత్తిడిలో ఉన్నావు కదా, నేను మేనేజ్ చేస్తాను అన్నాడు. పొరపాటు కాదన్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు.

టోలిచౌకిలో వందన గదిలో ఒక మంచం ఖాళీ ఉంది. బట్టలు సాయంత్రం సర్దుకుంటాను. సర్దుకునే ముందు తాతయ్యకి చెప్తాను, తర్వాత నాన్నకి. తాతయ్యకి మందులిచ్చే వేళకి రోజూ వస్తాను, రానిస్తే.

తీసినవి లేవు. మళ్ళీ తీయడానికి నేను వెళ్ళను. నాది ఇవ్వను, ఆయన ఉన్నా, లేకపోయినా.